మందు ఉన్నది.. తయారీనే ఆగింది

కేన్సర్‌కు కొత్త మందు కనిపెట్టిన్రని వార్త వస్తే మనం జల్ది షేర్ చేస్తం. గా మందును రోజూ ఒక్కతీరుగ తయారు చేసెటోళ్ల గురించి ఎవ్వరూ రాయరు. నా లెక్కల అసలు ముచ్చట అక్కడనే ఉన్నది. డాక్సిల్‌నే తీసుకోండ్రి.

1995ల అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మొదటి నానో మందు ఇది. లోపల ఉండే డాక్సోరుబిసిన్ పాతదే. కేన్సర్ కణాలను చంపుతది గానీ గుండెను గూడ దెబ్బతీస్తది. అందుకే దాన్ని లిపోజోమ్ అనే కొవ్వు బుడగల నింపిన్రు. ఒక్కో బుడగ సుమారు 100 నానోమీటర్లు, తలెంట్రుక మందంల దాదాపు వెయ్యో వంతు.

గిసొంటి మందుకు ఫార్ములా ఒక్కటి తెలిస్తే సరిపోదు. అవే కొవ్వులు, అదే మందు. అయినా కలిపే వేడి, నెట్టే ప్రెషర్ కొంచెం మారితే బుడగ మారుతది. మరీ పెద్దగైతే లివర్, ప్లీహం పట్టేసుకుంటయి. లీకైతే మందు రక్తంల కలిసి మళ్ల గుండె మీదికే వస్తది. ఆఖరుకు బాగ వేడి చేసి క్రిములను చంపుదామంటే బుడగలే చెడిపోతయి, సన్నటి ఫిల్టర్‌ల వడగట్టాల్సిందే. పరీక్ష చేసిన సీసా రోగికి పనికిరాదు గాబట్టి కొన్నింటినే చూస్తరు. అంటే గది గాలి, నీళ్లు, గొట్టాలు, వేసుకునే గౌను, అన్నీ మొదటి నుంచే సక్కగుండాలె.

2011ల డాక్సిల్ అమ్మింది జాన్సన్ అండ్ జాన్సన్, చేసింది మాత్రం ఒహాయోల ఉండిన బెన్ వెన్యూ ప్లాంట్. తనిఖీలల్ల లోపాలు బయటపడ్డయి, 2011 నవంబర్‌ల పని ఆగింది. ఇంకో ప్లాంట్ల తెల్లారే మొదలుపెట్టే పని కాదిది. అండాశయ కేన్సర్ ఉన్న ఆడోళ్ల పేర్లు వెయిటింగ్ లిస్టుల పడ్డయి. కీమో నడుమ మందు ఆగుడంటే ఏందో, ఇంట్ల కేన్సర్ చూసినోళ్లకు నేను చెప్పాల్నా?

2012 ఫిబ్రవరిల మన సన్ ఫార్మా లిపోడాక్స్‌ను ఎఫ్‌డీఏ తెప్పించుకోనిచ్చింది. ఏడాదికి వాళ్ల జెనరిక్‌కు పర్మిషన్ గూడ ఇచ్చింది. కాలర్ ఎగరేయొచ్చు. కాని 2015 డిసెంబర్‌ల అదే సన్ ఫార్మా హలోల్ ప్లాంట్‌కు ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్ పంపింది.

మనకెందుకంటరా? బీఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసిన మన పోరగాళ్లు జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం ఫార్మా కంపెనీలల్ల క్యూసీ, క్యూఏ పనికి పోతున్నరు. చానామంది దాన్ని కాగితాల నౌకరి అనుకుంటరు. నైట్ షిఫ్టుల రీడింగ్ రాసుడు, బ్యాచ్ రికార్డు నింపుడు. గా రీడింగ్ చూడకుంటనే రాస్తే, బుడగ సైజు ఎక్కడ తప్పిందో తర్వాత ఎవ్వడూ దొరకబట్టలేడు. బ్యాచ్ ఆపే హక్కు క్యూఏకు రూల్స్‌ల ఉన్నది. కాంట్రాక్టు మీదున్న ట్రెయినీ నోరు తెరిస్తే నౌకరి ఉంటదా అన్నదే నా ప్రశ్న. తనిఖీకి వచ్చెటోళ్లు మెషీన్లతోపాటు ఇది గూడ అడగాలె. మీరు గూడ ఇంటర్వ్యూల జీతం అడిగేటప్పుడు, ఇంతకుముందు బ్యాచ్ ఆపినోళ్లను కంపెనీ ఏం చేసిందో అడుగుండ్రి.