బావిలో పడ్డ బడ్డీకొట్టు

ఈ వారం మన శీర్షికలో హీరో లేడు, హీరోయిన్ లేదు. వున్నదల్లా ఒక బావి, ఒక బడ్డీకొట్టు, ఎవరో కుర్రాడి 140 గంటల కాలం. కంగారు పడకండి, కొత్త సినిమా కథేమీ కాదు. కంప్యూటరు ఆటల గొడవ! ఫస్ట్ షో చూసొచ్చి, ఇంత అన్నం తిని, రాత్రి రెండింటి దాకా ఆటల ముందు కూర్చునే బాపతు మన పాఠకుల్లో తక్కువేం లేరు. కాబట్టి ఈ కబురు మన పేజీలో చెల్లుతుందనే నా ధీమా.

స్కైరిమ్ అనే ఆట వుంది. అమెరికాలోని బెథెస్డా కంపెనీ వాళ్ళు 2011 నవంబరు 11న విడుదల చేశారు. ఇన్నేళ్ళయినా జనం దాన్ని వదలడం లేదంటే ఆ ఘనత కంపెనీ ఒక్కదానిదే కాదు, మోడ్‌లది కూడా. మోడ్ అంటే మరేం లేదు... ఆట కొనుక్కున్నవాళ్ళే కొత్త వూళ్ళూ, కొత్త కత్తులూ, కొత్త మనుషులూ తయారుచేసి ఆ ఆటలోకి చొప్పించడం అన్నమాట. చేసేవాళ్ళలో చాలామంది పైసా పుచ్చుకోరు. నెక్సస్ మోడ్స్ లాంటి చోట పెడతారు, కావలసినవాళ్ళు దించుకుంటారు.

మా పిన్ని కొడుకు కాకినాడలో ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఆ ఆటలో రివర్‌వుడ్ అని చిన్న వూరు. మొదట్లోనే వస్తుంది. పక్కన ఏరు, ఏటి ఒడ్డున కర్రల మిల్లు. మావాడికి ఆ వూరంటే ప్రాణం. అక్కడొక బావి తవ్వాడు! గిలకా, చేదా, చుట్టూ రాతిగట్టూ, గట్టు మీద తాడు ఒరుసుకున్న గాడితో సహా అచ్చం మా అమ్మమ్మగారింటి పెరట్లో బావే. చెప్పొద్దూ, చూసి నాకు కళ్ళు చెమర్చాయి. నాలుగు నెలల కష్టం మరి.

అయ్యాక, "అన్నయ్యా, దీని గురించి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసిపెట్టవా?" అన్నాడు. రాతే కదా మన బతుకుతెరువు! రాసి పారేశాను. చివర్లో నా సొంత తెలివితో ఓ వాక్యం తగిలించాను: మీ దగ్గరున్న ఏ మోడ్‌తోనైనా ఇది చక్కగా కలిసిపోతుంది అని.

వాడు నసిగాడు. "నిజంగా కలుస్తుందో లేదో నేను చూడలేదన్నయ్యా..."

"ఒరేయ్, పోస్టరు మీద సూపర్ హిట్టని వేసేది సినిమా రిలీజయ్యాకనా, ముందా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండు నెలలు గడిచాయి. ఓ రాత్రి పదకొండింటికి ఫోను. వాడి గొంతు అదోలా వుంది. ఏ దేశపు కుర్రాడో రాసిన ఉత్తరం చదివి వినిపించాడు. బావి పెట్టుకున్నాక రివర్‌వుడ్‌కి వెళితే గట్టు మధ్యలోంచి ఓ బడ్డీకొట్టు మొలిచిందట. కొట్టువాడు నడుము దాకా రాళ్ళలో దిగబడి నిలబడ్డాడట. వూళ్ళో మనుషులు గోడలకేసి నడుస్తూ అక్కడే కాళ్ళాడిస్తున్నారట. ఆ తరవాత వూళ్ళో అడుగు పెడితే చాలు, ఆట టప్పుమని ఆగిపోతోందట. నేను పడీ పడీ నవ్వాను. మావాడు నవ్వలేదు. ఎందుకంటే ఉత్తరం అక్కడితో అయిపోలేదు. అతను బావిని తీసేసి చూశాడు, ఇంకా పాడైంది. 140 గంటలు ఆడి దాచుకున్న ఆట మరి తెరుచుకోలేదు. పాతది దాచుకున్న కాపీ లేదు. "ఏ మోడ్‌తోనైనా కలుస్తుందన్నావుగా?" అని చివరి వాక్యం.

అసలు జరిగిందేమిటో మావాడు రెండు రాత్రులు కూర్చుని తేల్చాడు. ఇంకెవరో పుణ్యాత్ముడు అదే వూళ్ళో, అదే జాగాలో సంత పెట్టాడు. స్కైరిమ్‌లో మోడ్‌లు ఒక వరసలో ఎక్కుతాయి. ఒకే సంగతిని ఇద్దరు మారిస్తే వరసలో ఆఖరున వున్నవాడి మాటే చెల్లుతుంది. ఒకే సీను ఇద్దరు డైరెక్టర్లు తీస్తే ఎడిటరు రెండోది మాత్రం వుంచి, మొదటిది కత్తిరించినట్టు. పోనీ అంతటితో ఆగినా బాగుండును. బావి రాళ్ళు, కొట్టు కర్రలు ఎవరివి వారివే కనక రెండూ నిలుస్తాయి, ఒకదాంట్లో ఒకటి! కొట్టుకునేదల్లా నేల. ఆ నేల మీద కంటికి కనపడని తివాచీ ఒకటి పరిచి వుంటుంది, నావ్‌మెష్ అంటారు. ఎక్కడ నడవాలో మనుషులకు చెప్పేది అదే. ఇద్దరూ దాన్నే కత్తిరించారు, కుట్టారు. ఇక మనుషులు గోడలకేసి నడవక ఏం చేస్తారు? ఆట ఆగిపోవడానికీ అక్కడే బీజం.

దీనికి మందు లేకపోలేదు. రెంటికీ రాజీ కుదిర్చే చిన్న మోడ్ ఇంకొకటి చెయ్యాలి, ప్యాచ్ అంటారు. కాని ఆ ప్యాచ్ ఎవరు చెయ్యాలి? బావివాడా? కొట్టువాడా? రెండూ కావాలన్న ఆటగాడా?

ఓ లెక్క చెబుతాను, చిత్తగించండి. పది మోడ్‌లుంటే జతలు 45. నూరుంటే 4,950! స్కైరిమ్ ఆటగాళ్ళకు నూరు మోడ్‌లంటే ఓ లెక్కే కాదు. ఊరికే ఇచ్చే కుర్రాడు ప్రపంచంలోని ప్రతి మోడ్‌తోనూ తన బావిని జత కట్టి చూడాలంటే వాడికి డిగ్రీ రాదు, పెళ్ళీ కాదు. అందుకే ఆ రాత్రి నేనే పూనుకుని జవాబు రాసిచ్చాను. ఊరికే వచ్చినదానికి పూచీ వుండదు, కాపీ దాచుకోకపోవడం నీ తప్పు... ఇలా బాగా ఘాటుగా! మావాడు పంపేశాడు. నేను హాయిగా నిద్రపోయాను.

మర్నాడు ఇంకో వ్యాసం కోసం పాత విషయాలు తిరగేస్తుంటే 2015 నాటి సంగతి కంటబడింది. ఆ ఏడాది ఏప్రిల్ 23న స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ, బెథెస్డా కలిసి స్కైరిమ్ మోడ్‌లను డబ్బుకి అమ్మే అంగడి తెరిచారు. వచ్చిన సొమ్ములో చేసినవాడికి నూటికి 25, వాల్వ్‌కి 30, బెథెస్డాకి 45. బాగుంది కదండీ వాటాల వరస! మరి కొన్న మోడ్ ఇంకోదాంతో గొడవపడి పాడైతే? ఒక మోడ్ ఇంకోదాని ఫైళ్ళను మార్చడం మామూలే, చేసినాయన పేజీలో మర్యాదగా రాసి తెలియజెయ్యండి అని సలహా. డెబ్బయి అయిదు వంతులు తీసుకున్నవాళ్ళ పూచీ అంత! జనం గగ్గోలు పెట్టారు. ఏప్రిల్ 27 కల్లా అంగడి మూతపడింది, డబ్బు తిరిగి ఇచ్చారు.

నా మటుకు నాకు, డబ్బు ఎటు పోతే పూచీ అటు పోవాలి. 2024 ఏప్రిల్ చివర్లో ఫాలౌట్ 4 కి బెథెస్డా వారు ఓ పెద్ద మార్పు విడుదల చేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఫాలౌట్ లండన్ అనే బ్రహ్మాండమైన మోడ్, ఏళ్ళ తరబడి ఊరికే పనిచేసిన బృందం తీర్చిదిద్దినది, విడుదల కావలసి వుంది. ఆగిపోయింది. జులై 25న గాని బయటికి రాలేదు. అప్పుడు కూడా ఆడేవాళ్ళు తమ ఆటను మార్పుకి ముందున్న రూపానికి దించుకోవలసి వచ్చింది. ఇక్కడ తప్పు మోడ్ చేసినవాళ్ళదని ఎవరనగలరు?

దీనికి వేరే దారి కూడా వుందండోయ్. స్టార్‌డ్యూ వ్యాలీ అని 2016లో వచ్చిన సేద్యం ఆట. ఎరిక్ బరోన్ ఒంటి చేత్తో చేసింది. మొదట్లో దాని మోడ్‌లు ఆటలోని ఫైలును మొత్తంగా మార్చి పారేసేవి. ఇద్దరు ఒకే ఫైలును ముట్టుకుంటే ఒకడు గల్లంతే. తరవాత కంటెంట్ ప్యాచర్ అనే పనిముట్టు వచ్చింది. ఫైలంతా కాదు, నీకు కావలసిన ముక్క మాత్రమే మార్చు అంటుందది. ఒకడు కోడికి రంగు వేస్తే ఇంకొకడు కంచెకి రంగు వేసుకోవచ్చు. మోడ్‌లను ఎక్కించే స్మాపి అనే ఇంకో పనిముట్టు, ఏది చెడిందో దాని పేరు పెట్టి మరీ చెబుతుంది. ఇవి చేసింది కూడా ఆడేవాళ్ళలోని వాళ్ళే.

ఇవన్నీ చదివాక ఆ ఘాటు జవాబు నా గొంతులో ముల్లులా దిగబడింది. మావాడి బావి అన్నిటితోనూ కలవనక్కర్లేదు, నిజమే. కాని కలుస్తుందని చెప్పిందెవరు? బావి తవ్వినవాడు కాదు. వాడు నసిగాడు కూడా! ఆ కుర్రాడు నమ్మింది బావిని కాదు, నా వాక్యాన్ని. పోస్టరు చూసి టిక్కెట్టు కొన్నవాడికి పోయేది మూడు గంటలు. ఇతనికి పోయింది 140.

ఫోను చేసి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు వాడు. తరవాత, "నువ్వు రాశావు సరే, కింద పేరు నాది కదన్నయ్యా" అన్నాడు. ఇరవై ఏళ్ళవాడి చేత ఆ మాట అనిపించుకోవడం... ఏమిటో!

ఆ వాక్యం కొట్టేశాం. దాని స్థానంలో వాడే రాశాడు, వాడి వచ్చీరాని ఇంగ్లీషులోనే: ఇది రివర్‌వుడ్‌లో ఫలానా జాగాను మారుస్తుంది, నావ్‌మెష్‌ని కూడా ముట్టుకుంటుంది, ఫలానా సంతతో కలవదు, పెట్టుకునే ముందు మీ ఆటకి కాపీ దాచుకోండి, మధ్యలో తీసెయ్యకండి అని. నేను ఒక్క అక్షరం దిద్దలేదు. సంత పెట్టినాయనకీ ఉత్తరం రాశాడు. ఆయన దగ్గర్నుంచి రెండు రోజుల్లో జవాబొచ్చింది. ముందే అడిగివుంటే కొట్టును నాలుగడుగులు జరిపేవాణ్ణి, ఇప్పుడు దాని మీద ఇంకా ముగ్గురు ప్యాచ్‌లు కట్టుకున్నారు, జరిపితే వాళ్ళవి పాడవుతాయి అని. అదీ న్యాయమే. దాంతో మావాడు బావినే ఏటి వైపు జరిపాడు. మొన్న సెమిస్టరు పరీక్షల మధ్యలో మూడు రాత్రులు ఆ పనే. పిన్నికి తెలిస్తే నన్ను గుమ్మం ఎక్కనివ్వదు.

ఆ 140 గంటల కుర్రాడికి ఈసారి క్షమాపణ రాశాం, ఇద్దరి పేర్లూ పెట్టి. మూడు వారాలైంది. జవాబు లేదు. మావాడు మాత్రం రోజూ పొద్దున్నే లేచి చూస్తున్నాడు.