పలుకని కంప్యూటరు

మీట నొక్కినను పలుకని కంప్యూటరునకు గుడ్డ కప్పి మూల నుంచుట మన పాఠశాలలలో నాచారమైనది. ఇది తగదని మా యభిప్రాయము. లోపము పెక్కుమారులు యంత్రమునకు వెలుపలనే యుండును. గోడసాకెట్టులో వేఱొక దీపము వెలుగుచున్నదా? తీగ రెండు కొనలును బిగువుగా నున్నవా? (చీపురు తగిలి తీగ వదులగుట యరుదు కాదు.) పెట్టె వెనుకటి చిన్నమీట సున్న గుర్తువైపు గాక గీత గుర్తువైపు నొక్కబడియున్నదా? పిదప తీగ నూడదీసి, ముందరి మీటను కొన్ని క్షణములు నొక్కిపట్టి, మరల తగిలించి చూడవలయును. పంకా తిరుగుచు తెరమాత్రమే చీకటిగా నున్నచో నది వేఱు రోగము. మానిటరు తీగను, ర్యాము పలకను పరీక్షింపవలెను.

ఈ పరీక్షలను మెకానిక్కు వచ్చువఱకు నాపక, ఉపాధ్యాయుని యెదుట విద్యార్థులచేతనే చేయింపవలయునని మేము కోరుచున్నాము. గదికి తాళము వేసి కంప్యూటరు పాఠమును నల్లబల్లపై బోధించుట మాకు సమ్మతము గాదు. చెడునను భయమే యందులకు కారణమందురు. వాడని యంత్రమును దుమ్ము చెఱచుట లేదా?

పవర్ సప్లయి పెట్టెను మాత్రము విద్యార్థులు విప్పరాదు. 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా మార్చు నా పెట్టెలోని కెపాసిటర్లు, తీగ నూడదీసిన పిమ్మటను కొంతసేపు ప్రమాదకరమైన విద్యుత్తును నిలుపుకొనును. అది చెడినచో నా పెట్టె నొక్కదానినే మార్పింపవచ్చును. కంప్యూటరునంతను పాఱవేయ నక్కఱలేదు.