అడ్డొచ్చిందని కోసేయడమేనా?

గుండె ఆపరేషన్‌లో రొమ్ము ఎముకను చీల్చగానే ముందు కనబడేది గుండె కాదు, దానిపై పరుచుకున్న థైమస్ గ్రంథి. పసిపిల్లల్లో లేత గులాబీ రంగులో నిండుగా ఉంటుంది, పెద్దల్లో చాలావరకు పసుపు కొవ్వుగా మారిపోతుంది. చేతికి అడ్డొస్తుందని కొద్దో గొప్పో, ఒక్కోసారి మొత్తమో కోసి తీసేస్తారు. చిన్నప్పుడే దాని పని అయిపోయింది, ఇక ఉంటేనేం, పోతేనేం అన్న ధీమా అది. అవయవ మార్పిడి దగ్గరా ఇదే ధోరణి: పెట్టిన కిడ్నీని రోగనిరోధకశక్తిని అణిచే మాత్రలు కాపాడతాయి, థైమస్‌తో పనేముంది?

ఈ చిన్నచూపు పాతదే. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన చిట్టెలుకల థైమస్ తీసేస్తే, అవి పరాయి చర్మాన్ని అతికించినా తిప్పికొట్టలేకపోయాయి. అయినా రెండేళ్ల తర్వాత కూడా, రోగనిరోధక సహనంపై (శరీరం పరాయి కణజాలాన్ని తిప్పికొట్టకుండా ఊరుకోవడంపై) పరిశోధనకు నోబెల్ అందుకున్న పీటర్ మెదవార్ అంతటివాడే, థైమస్‌లో లింఫోసైట్లనే తెల్లరక్తకణాలు ఉండటాన్ని పరిణామంలో జరిగిన ఓ యాదృచ్ఛికంగా తీసిపారేశాడు.

థైమస్ లేకుంటేనే చిట్టెలుకల్లో పరాయి చర్మం నిలిచింది కాబట్టి మార్పిడికి అది శత్రువేనని ఎవరైనా వాదించవచ్చు. అది సగం నిజం. పరాయిదానిపై దాడిచేసే లింఫోసైట్లు, అంటే టీ కణాలు, తయారయ్యేది అక్కడే. కానీ సొంత శరీరంపైకి తిరగబడే వాటిని ఏరి చంపేదీ, దాడిని అదుపుచేసే నియంత్రక టీ కణాలను తయారుచేసేదీ అక్కడే.

బోస్టన్‌లో డేవిడ్ సాక్స్, కజుహికో యమదా బృందం 1997లో ప్రచురించిన ప్రయోగం చూడండి. పాక్షికంగా సరిపోలని కిడ్నీని చిన్నజాతి పందులకు అమర్చి, తిరస్కరణను ఆపే మందు సైక్లోస్పోరిన్‌ను 12 రోజులే ఇచ్చారు. థైమస్ ఉన్నవి మందు ఆపాక కూడా ఆ కిడ్నీని తమదిగానే చూసుకున్నాయి. మార్పిడికి 21 రోజుల ముందు థైమస్ తీసేసిన పందుల్లో మాత్రం తిరస్కరణ మొదలైంది. మందు అదే, కిడ్నీ అలాంటిదే. తేడా థైమస్ ఒక్కటే.

అవి లేత పందులు, పెద్దవాళ్లలో మిగిలిందేముంది అంటారా? 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో థైమస్ తీసేసిన పెద్దల్లో అయిదేళ్లలో 8.1 శాతం మంది చనిపోయారు. థైమస్ ముట్టని ఛాతీ ఆపరేషన్లు చేయించుకున్నవారిలో 2.8 శాతం. ఇది పరిశీలనే, కారణాన్ని తేల్చేసే రుజువు కాదు. నిజమే. కానీ రుజువు చూపాల్సింది ఉంచమనేవాళ్లా, కోసేవాళ్లా?

కణితి ఉన్నా, కండరాలు నీరసించే మయస్తీనియా గ్రావిస్ జబ్బు ఉన్నా థైమస్ తీయక తప్పకపోవచ్చు. మార్పిడి జరిగినవారు మాత్రలు మానాలనీ కాదు. కానీ ఒకవైపు సహనం కోసం పరిశోధనలు చేస్తూ, మరోవైపు దాన్ని నేర్పే గ్రంథిని తీసేయడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. అడ్డొచ్చిందన్న ఒక్క కారణంతో కోయాల్సివస్తే ఎంత కోశారో, ఎంత మిగిల్చారో కేసు షీట్‌లో రాయాలి, రోగికి ముందే చెప్పాలి. పనికిరానిదైతే రాయడానికి భయమెందుకు?