ఇంట్లో ముందు ఆగేది ఎవరి ఫోను?

2024 జులై మొదటి వారంలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా ఒకదాని వెంట ఒకటి రీచార్జి రేట్లు పెంచాయి. జియోలో 155 రూపాయలున్న 28 రోజుల ప్లాను 189 అయింది. 28 రోజుల లెక్కన ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు కట్టాలి.

వినియోగదారులు కంపెనీలకు బుద్ధి చెప్పారని అప్పుడు చాలామంది సంతోషించారు. ట్రాయ్ లెక్కల ప్రకారం ఆ ఒక్క నెలలో మూడు కంపెనీలూ కలిసి 38 లక్షలకు పైగా కనెక్షన్లు పోగొట్టుకున్నాయి. బిఎస్ఎన్ఎల్‌లో 29 లక్షలకు పైగా చేరారు. ఇది నిరసనే, కాదనను. కానీ ఈ నిరసన ఎవరికి వీలైంది?

నేను తిరిగే బస్తీల్లో చూసింది వేరు. రేటు పెరగగానే ముందు ఆగింది భార్య ఫోను. భర్తకు పని పిలుపులు రావాలి, పిల్లవాడికి చదువుండాలి. ఆమెకేమో "నా ఫోన్లో మాట్లాడుకో" అన్న సలహా. అతను కొట్టిన దెబ్బల గురించి అతని ఫోన్లో, అతని ఎదుట ఆమె ఎవరితో చెప్పుకోవాలి? కంపెనీ మారదామంటే సిమ్ము భర్త పేరనో కొడుకు పేరనో ఉంటుంది. మూగబోయిన ఈ ఫోన్లను నిరసనగా ఎవరూ లెక్కపెట్టరు. అసలు తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలే నూటికి 54 మందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది.

రేట్లు మార్కెట్టు నిర్ణయిస్తుందని ప్రభుత్వం తప్పుకుంది. డేటా అక్కర్లేనివారికి కాల్స్, ఎస్సెమ్మెస్‌ల ప్లాను విడిగా ఉండాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన తెచ్చింది. మంచిదే. కానీ 2025 జనవరిలో పెద్ద కంపెనీలు ప్రకటించినవి 84 రోజులవి, ఏడాదివి. రోజు కూలి మీద బతికే మనిషి ఒక్కసారిగా నాలుగు వందల పైచిలుకు ఎక్కడినుంచి తెస్తుంది?

1972-73లో బొంబాయిలో మృణాల్ గోరే, అహల్యా రంగ్నేకర్ వంటివారి నాయకత్వాన స్త్రీలు అప్పడాల కర్రలు చేతబట్టి ధరల మీద వీధికెక్కారు. వంటింటి ధర రాజకీయమేనని చాటారు. ఫోను ధరా అంతే. ఎవరికి వారు కంపెనీ మారితే సరిపోదు. కలిసి అడగాలి.

కాల్స్‌కు మాత్రమే పనికొచ్చే నెల ప్లాను తక్కువ ధరకు కావాలి. గడువు తీరినా ఇన్‌కమింగ్ కాల్స్, ఎస్సెమ్మెస్‌లు ఆగకూడదు. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు పనికి వాడే డేటా ఖర్చు పని చేయించుకునేవారే పూర్తిగా భరించాలి. స్త్రీ వాడే సిమ్ము ఆమె పేరనే ఉండేలా మన సంఘాలు పూనుకోవాలి.

సంఘం మీటింగుల్లో పొదుపు లెక్క అడిగినట్టే, ఈ నెల ఎవరి ఫోను ఆగిందో కూడా అడుగుదాం. ఆ లెక్క మనం తియ్యకపోతే ఇంకెవరూ తియ్యరు.