పులి తోక

ఓ ఏడాది దీపావళి, హాలోవీన్ ఒకే రోజు వచ్చాయి. 2024 అక్టోబరు 31, గురువారం. నేను పండక్కి నందిగాం వెళ్లాను. అక్క వాళ్లుండేది న్యూజెర్సీలో. ఇక్కడ సాయంత్రం ఐదూ ముప్పావు, అక్కడ పొద్దున్న ఎనిమిదింబావు. అమ్మ వాకిట్లో కూర్చుని గోగుపుల్లల చివర్లకి నూనెగుడ్డ చుడుతోంది. వీడియో కాల్ ఎత్తగానే స్క్రీన్ మీద ఓ చిన్న అస్థిపంజరం! మా మేనకోడలే. ఆరేళ్లు. స్కూల్లో వేషాల పరేడ్ ఉందట.

"ఓలమ్మ! పండగ పూట ఈ ఎముకల వేషమేటే?" అంది అమ్మ.

"అమ్మమ్మా, నీ చేతిలో అదేంటి?" అని ఎదురు ప్రశ్న.

సిటీలో పెరిగినవాళ్లకి గోగుపుల్లల సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు దీపావళి సాయంత్రం టపాకాయల కంటే ముందు ఇదే. పుల్ల చివర వెలిగించి, పిల్లల చేత గుమ్మం ముందు తిప్పించి, పాట పాడిస్తూ నేలకి కొట్టిస్తారు. తర్వాత పుల్లలు ఓ పక్క పడేసి, కాళ్లు కడుక్కుని, లోపలికొచ్చి తీపి తినాలి. శ్రీకాకుళం జిల్లాలో ఒకప్పుడు గోగునార పంట బాగా ఉండేది కాబట్టి పుల్లలకి కొదవ లేదు. ఇప్పుడు పంట తగ్గిపోయింది, అమ్మ వారం ముందే ఎవరినో బతిమాలి తెప్పించుకుంటోంది. ఈ వెలుగు పితృదేవతలకి దారి చూపించడానికని పెద్దవాళ్లు చెప్తారు.

హాలోవీన్ వెనకా పోయినవాళ్ల తలంపు ఉంది. అది క్రైస్తవుల సకల పునీతుల పండగకి ముందు రాత్రి. ఆ మర్నాడే, అంటే నవంబరు 2, చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించే రోజు. గుమ్మడికాయ దీపం కూడా మొదట్లో గుమ్మడికాయ కాదు. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపని తొలిచి చేసేవారు, అమెరికా వెళ్లాక గుమ్మడికాయ దొరికింది. ఇదంతా చెప్తే అమ్మ, "మరయితే మనదే కదేటి" అనేసింది. అమ్మకి ప్రపంచంలో అన్నీ మనవే.

ఆ ఊపులోనే నోరు జారింది. "మీ అమ్మ నీ అంతప్పుడు పులి వేషం వేసింది తెల్సా?"

"ఫొటో చూపించు!"

అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికెళ్లిపోయింది.

ఫొటో లేదు. ఒకప్పుడు ఉండేది. 1994 నవంబరు 14న, బడిలో బాలల దినోత్సవానికి టెక్కలి నుంచి వచ్చిన స్టూడియో ఆయన తీశాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140-150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడితోటలు నేలమట్టమయ్యాయి. మా ఇంటి రేకులు లేచిపోయాయి, ఆల్బమ్ ఉన్న ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగాయి. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు, ఆల్బమ్ మీద ధ్యాస ఎవరికుంటుంది? నాలుగో రోజు దాన్ని ఎండలో పెట్టి, అతుక్కుపోయిన ఫొటోల్ని లాగాను. లాగింది నేనే. మొహాలన్నీ ప్లాస్టిక్ కవర్లకి ఉండిపోయాయి, నా చేతిలో తెల్లకాగితాలు మిగిలాయి.

అలా లాగకూడదని తర్వాత తెలిసింది. శుభ్రమైన చల్లటి నీళ్లలో నానబెడితే చాలావరకు అవే మెల్లగా విడతాయి. బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. వెంటనే కుదరకపోతే కవర్లో పెట్టి డీప్ ఫ్రిజ్‌లో దాచొచ్చు (కరెంటు ఉంటే!). ఈ పేరా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మన తీరానికి తుపాన్లు కొత్త కాదు.

ఆ రాత్రి అమ్మని అరుగు మీద కూర్చోబెట్టి ఫోన్లో రికార్డర్ ఆన్ చేశాను. ప్రశ్నలు నావి కావు, మేనకోడలు వాయిస్ మెసేజ్‌లో పంపినవి. పులికి రంగు ఎలా వేశారు? మా అమ్మ ఏడ్చిందా? తోక దేంతో చేశారు? మనం అడిగితే పెద్దవాళ్లు "ఆ రోజులే వేరు" అని మొదలుపెడతారు. పిల్లలు అడిగితే అసలు సంగతులు బయటికొస్తాయి.

"వొంటికి పసుపు, చారలకి కాటుక. తోక మీ తాత గోగునారతో పేనినారు. గుంట తోక తొక్కీసి పడిపోద్దని, ఫొటో తీసినప్పుడు పక్కనుండి పట్టుకున్నారు. ఫొటోలో ఆయన చెయ్యొక్కటే పడింది."

నాన్న పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆ ఫొటో మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ అంచున కనిపించే ఆ చెయ్యి స్టూడియో కుర్రాడిదనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు నా ఫోన్లో ఒక్క దీపావళివే నాలుగొందల ఫొటోలు ఉన్నాయి. అందులో ఎవరి చెయ్యి ఎవరిదో ముప్పై ఏళ్ల తర్వాత ఎవరు చెప్తారు? అందుకని ఏడాదికి పది ఎంచి ప్రింట్ వేయిస్తున్నాం. వెనకాల ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాస్తున్నాం. ఒక సెట్టు నందిగాంలో, ఇంకోటి అక్క దగ్గర. ఒకే తుపాను రెండు చోట్లా రాదు కదా. ఇక ఫోన్ సంగతి: గూగుల్ ఫొటోస్‌లో 2021 జూన్ 1 నుంచి ఎక్కించేవన్నీ ఆ 15 జీబీ లెక్కలోకే వస్తాయి. నిండిపోతే బ్యాకప్ ఆగుతుంది, మనం చూసుకోం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, దాచుకునేవి డాక్యుమెంట్‌గా పంపండి. రికార్డింగ్‌కి పేరు పెట్టడం మరీ ముఖ్యం. మాది 'అమ్మ చెప్పిన పులి వేషం, దీపావళి 2024'. ఉత్త నంబరుతో వదిలేస్తే దాన్ని తెరిచేదెవరు?

2025లో దీపావళి అక్టోబరు 20నే అయిపోయింది. నవంబరు 1 పొద్దున్న లేచేసరికి అక్క నుంచి హాలోవీన్ ఫొటో వచ్చి ఉంది, డాక్యుమెంట్‌గానే. పసుపు టీషర్టు, బుగ్గల మీద కాటుక చారలు, జనపనార తాడుతో తోక. పక్కనుంచి తోక పట్టుకున్న అక్క చెయ్యి మాత్రమే కనిపిస్తోంది. అలాగే తియ్యాలని మేనకోడలు పట్టుబట్టిందట.

అమ్మకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, ఫొటో పెద్దది చేయించుకుని చాలాసేపు చూసింది.

"తోక పొట్టిగుంది. మీ నాన్న నేల రాసినంత పేనినారు. ఆ నార ఎక్కడిదనుకున్నావు? మీ పెద్దనాన్న మంచానికని దాచుకున్నది, అడక్కుండా తెచ్చీసినారు..."

ఇది రికార్డింగ్‌లో లేదు. ఫోన్ తీసుకుని మళ్లీ ఆన్ చేశాను.