వెనక చక్రాలకు చైన్లా?

సంపాదకులకు,

కారులో మనాలి వెళ్లేవారికి మీరిచ్చిన సలహాల్లో స్నో చైన్లు వెనక చక్రాలకు కట్టుకోమన్నారు. ఇది ప్రమాదం. కట్టాల్సింది ఇంజను తిప్పే చక్రాలకు. స్విఫ్ట్, ఐ20 లాంటి కార్లలో అవి ముందు చక్రాలు. వెనక కడితే ముందువి మంచులో ఉత్తినే తిరుగుతాయి, బండి ఎక్కదు, స్టీరింగూ మాట వినదు.

2020లో మనాలి దగ్గర అటల్ టన్నెల్ తెరిచాక చలికాలంలోనూ దాని అవతలి సిస్సు దాకా వెళ్లేవాళ్లు పెరిగారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. చైన్లు ఎత్తు మొదలవక ముందే, చదునైన చోట, హ్యాండ్ బ్రేక్ వేసి కట్టాలి. లోపలివైపు కొక్కెం ముందు, బయటిది తర్వాత. కాస్త దూరం నడిపి, ఆగి, మళ్లీ బిగించాలి. వదులు చైను బ్రేకు పైపును తెంపేయగలదు. వేగం 50 కిలోమీటర్లు దాటకూడదు. తారు కనబడగానే విప్పేయాలి.

అవే చైన్లు బీచ్ ఇసుకలోనూ పనికొస్తాయని రాశారు. మా కళింగపట్నం తీరానికి రండి, చూద్దురుగాని. ఇసుకలో చైను పారలా తవ్వి బండిని ఇరుసుదాకా దించేస్తుంది. ఇక్కడ చేయాల్సింది టైర్లలో గాలి సగం దాకా తీసి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కడం. రోడ్డెక్కాక గాలి మళ్లీ పట్టించుకోవాలి.

చలికాలం రాకముందే సవరణ వేయండి.

— ఒక టాక్సీ డ్రైవరు, కళింగపట్నం, శ్రీకాకుళం జిల్లా