ముందు రోలు... తర్వాతే రోకలి!

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో మనవడికి చెవులు కుట్టించారనుకోండి. గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లాడు, వాణ్ని ఒళ్లో పెట్టుకున్న మేనమామ, పక్కన కళ్లొత్తుకుంటున్న నాయనమ్మ... మొత్తం రెండొందల ఫొటోలు. స్టూడియో కుర్రాడు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. తెరమీద పచ్చగీత చివరిదాకా వచ్చేసింది. బయట అవనిగడ్డ బస్సు హారన్ కొడుతోంది. మేనమామ పెన్‌డ్రైవ్ లాగి జేబులో వేసుకుని పరిగెత్తాడు. ఇంటికొచ్చి కంప్యూటర్‌కి పెడితే ఫొటోలు లేవు సరికదా, 'ఫార్మాట్ చేయమంటారా?' అని అడిగింది!

ఇంకేముంది... ఇంట్లో గొడవ. పెన్‌డ్రైవ్ నాసిరకమని ఒకరు, స్టూడియోవాడు ఎక్కించలేదని ఇంకొకరు. నిజానికి తప్పు ఆ చివరి లాగుడులో ఉంది.

రేవులో పడవ

పెన్‌డ్రైవ్ పెట్టగానే కంప్యూటర్ దాన్ని తన ఫైళ్ల వ్యవస్థకి తగిలించుకుంటుంది. దీన్నే 'మౌంట్' చేయడం అంటారు. పడవని రేవులో కట్టేయడం లాంటిదన్నమాట. కట్టాకే బస్తాలు ఎక్కించడమైనా, దించడమైనా. అన్ని బస్తాలూ ఎక్కాక తాడు విప్పితే అది 'అన్‌మౌంట్'. ఒక బస్తా ఇంకా మనిషి భుజం మీద ఉండగానే తాడు విప్పేస్తే? బస్తా నీళ్లలో పడుతుంది.

పచ్చగీత పూర్తయినా బస్తాలన్నీ ఎక్కినట్టు కాదు. పెన్‌డ్రైవ్ నెమ్మది, కంప్యూటర్ వేగం. అందుకని చాలాసార్లు కంప్యూటర్ కొంత సమాచారాన్ని తన జ్ఞాపకంలోనే ఉంచుకుని, తీరిగ్గా రాస్తుంది. ఏ ఫొటో ఎక్కడుందో చెప్పే పట్టిక సగం రాసి ఉండగా పెన్‌డ్రైవ్ లాగేస్తే, ఫొటోలు లోపలే ఉన్నా దారి తెలియదు. ఈ బెడద తగ్గించడానికే 2018లో వచ్చిన విండోస్ 10 మార్పుల్లో పెన్‌డ్రైవ్‌ని త్వరగా తీసేయగలిగే పద్ధతిని ముందుగానే అమర్చి ఇచ్చారు. అయినా రాత జరుగుతుండగా లాగితే ఏ పద్ధతీ కాపాడలేదు.

లాకులు తెలియనిదెవరికి?

అసలు చిక్కు ఇంకోటుంది. ఒకే ఫైలుని ఒకేసారి ఇద్దరు దిద్దబోతే? ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేస్తారు. అందుకే కంప్యూటర్ లోపల 'లాకులు' పెట్టారు. కృష్ణా డెల్టా వాళ్లకి ఈ మాట కొత్తేం కాదు. కాలువల్లో పడవలు తిరిగిన రోజుల్లో పడవ రెండు గేట్ల మధ్యకి వచ్చాక వెనక గేటు మూసి, నీటిమట్టం సరిచేసి, అప్పుడు ముందు గేటు తీసేవారు. వెనకొచ్చిన పడవ తన వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. తొందరపడి రెండు గేట్లూ ఒకేసారి తీస్తే నీళ్లన్నీ ఉరకలేస్తాయి. కంప్యూటర్ లాకూ అంతే. ఒక పని లోపల ఉంటే రెండోది బయట ఆగుతుంది.

మరి ఆగినవాళ్లు ఆగినట్టే ఉండిపోతే? వంటింట్లో అత్తాకోడళ్లు ఇద్దరికీ పచ్చడి నూరే పని పడింది. అత్తగారు రోలు పట్టుకుని రోకలి కోసం చూస్తోంది. కోడలు రోకలి పట్టుకుని రోలు కోసం చూస్తోంది. ఎవరూ వదలరు. మధ్యాహ్నమైనా పచ్చడి కాదు! దీన్నే కంప్యూటర్ వాళ్లు 'డెడ్‌లాక్' అంటారు. తెర బిగుసుకుపోయి, మౌస్ కదిపినా కీబోర్డు బాదినా ఉలుకూపలుకూ లేకపోవడానికి ఒక కారణం ఇదే.

మందు చాలా చిన్నది. 'ఎవరైనా సరే ముందు రోలే తీసుకోవాలి, తర్వాతే రోకలి' అని ఇంట్లో ఒక్క నియమం పెడితే చాలు. రోలు దొరికినవాళ్లకి రోకలీ దొరుకుతుంది. రెండోవాళ్లు కాసేపు ఆగుతారు. పచ్చడి మాత్రం ఆగదు.

పెద్ద తాళం తీయడానికి పదిహేనేళ్లు

నియమం చిన్నదే కానీ లక్షల వరుసల ప్రోగ్రాములో పాటించడం కష్టం. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్‌నే చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడిచేది ఇదే. 1996లో అది ఒకటికి మించి ప్రాసెసర్లున్న యంత్రాల మీద నడవడం మొదలుపెట్టింది. అప్పట్లో గొడవ లేకుండా మొత్తానికీ ఒకే పెద్ద తాళం వేశారు. భద్రమే... కానీ ఇంట్లో పది గదులున్నా ఒక్కరే తిరగాలంటే ఎలా? దాన్ని తీసి గదికో తాళం పెట్టుకుంటూ రావడానికి 2011 దాకా పట్టింది.

చిన్న తాళాలు పెరిగేకొద్దీ వరుస తప్పే ప్రమాదమూ పెరిగింది. 2006లో ఇంగో మోల్నార్ దీనికి ఓ కాపలాదారుని తయారుచేశారు. ఎవరు ఏ తాళం తర్వాత ఏది తీసుకుంటున్నారో అది గమనిస్తుంది. వరుస తారుమారైతే, బిగుసుకుపోవడం ఇంకా జరగకపోయినా ముందే హెచ్చరిస్తుంది. రైజర్ అనే ఫైల్‌సిస్టమ్‌లో 2010లో పెద్ద తాళాన్ని తీసి సొంత తాళం పెట్టారు. పాత తాళానికి ఒక గుణం ఉండేది... పట్టుకున్నవాడు నిద్రపోతే దానంతటదే వదిలేసేది. కొత్తది వదలదు. దాంతో రోలూ రోకలి తగాదాలు బయటపడ్డాయి. మళ్లీ మౌంట్ చేసేటప్పుడు తాళాల వరుసని 2012లో కూడా దిద్దాల్సి వచ్చింది. చివరికి 2025లో ఆ ఫైల్‌సిస్టమ్‌నే లినక్స్ నుంచి తీసేశారు.

పేరు రాని ఈ మరమ్మతుల రంగంలో తెలుగింటి పేర్లూ కనిపిస్తాయి. కెనడాలోని ఒట్టావాలో 2005లో జరిగిన లినక్స్ సదస్సులో 'ఎక్స్‌ట్3' ఫైల్‌సిస్టమ్ మీద వచ్చిన పత్రం రాసినవాళ్లలో బదరి పులవర్తి ఒకరు. చిట్టాలో ముందు రాసుకుని తర్వాత ఆవర్జాకి ఎక్కించే కొట్టు గుమాస్తా పద్ధతి ఈ 'ఎక్స్‌ట్3'ది. మధ్యలో కరెంటు పోయినా చిట్టా చూసి లెక్క సరిచేసుకుంటుంది. ఒక యంత్రం ఫైళ్లని దాని లోపలే నడిచే మరో ఊహాయంత్రానికి అందించే 'వర్ట్‌ఎఫ్‌ఎస్' మీద 2010లో వచ్చిన పత్రంలో పులవర్తితోపాటు వెంకటేశ్వరరావు జుజ్జూరి పేరూ ఉంది.

ఇవి గుర్తుంచుకోండి

* పెన్‌డ్రైవ్ తీసేముందు 'ఎజెక్ట్' నొక్కండి. 'వాడకంలో ఉంది' అని వస్తే అందులోని ఫైళ్లన్నీ మూసి మళ్లీ నొక్కండి.
* దీపం మిణుకుమిణుకుమంటుంటే ముట్టుకోకండి.
* 'ఫార్మాట్ చేయమంటారా?' అంటే వద్దనండి. కొత్తగా ఏమీ ఎక్కించకుండా తెలిసినవాళ్లకి చూపిస్తే ఫొటోలు తిరిగి దొరికే అవకాశం ఉంది.
* ముఖ్యమైన ఫొటోలు రెండుచోట్ల దాచండి. ఇంటికెళ్లి చూసుకునేదాకా కెమెరా కార్డు చెరపొద్దని స్టూడియోవాళ్లకి చెప్పండి.

అవనిగడ్డకి ఇంకో బస్సు వస్తుంది. మనవడి చెవులు మాత్రం మళ్లీ కుట్టించలేం కదా!